‘అరైవ్’ అంటే దిగడం

సంపాదకులకు నమస్కారం.

ఇంగ్లిషు నేర్చుకునేవారి కోసం మీ పత్రిక ప్రచురిస్తున్న శీర్షికలో ఇటీవల ‘అరైవ్’ అనే క్రియకు ‘వచ్చు, చేరు’ అని అర్థమిచ్చి, ‘రీచ్’కు కూడా అవే అర్థాలు కనుక ఒకదాని బదులు మరొకటి వాడుకోవచ్చని రాశారు. అర్థాల వరకు పెద్దగా తప్పుపట్టవలసినది లేదు. కానీ ఆ పాఠాన్ని నమ్మిన విద్యార్థి ‘ఐ అరైవ్డ్ టు ద స్టేషన్’ అనీ, ‘ఐ రీచ్డ్ టు ద స్టేషన్’ అనీ రాస్తాడు. రెండు వాక్యాలూ తప్పే, పైగా వాటిని దిద్దవలసిన తీరు వేరువేరు.

ఈ పొరపాటు మన ‘కు’ ప్రత్యయం నుంచి వస్తుంది. ‘స్టేషనుకు వచ్చాను’, ‘స్టేషనుకు చేరాను’ అనే అలవాటున్నవారికి ఆ ‘కు’ ఉన్నచోట ‘టు’ పెట్టాలనిపించడం సహజం. అయితే ‘టు’ ఎటువైపు వెళుతున్నామో చెప్పే మాట. ‘అరైవ్’ చెప్పేది ప్రయాణం ముగిసి కాలు నేలకు ఆనిన క్షణాన్ని. అందువల్ల దాని పక్కన సాధారణంగా చోటును తెలిపే ‘ఎట్’ లేదా ‘ఇన్’ నిలుస్తాయి. స్టేషను, హోటలు, విమానాశ్రయం వంటి చోట్లకు ‘ఎట్’, నగరాలకూ దేశాలకూ ‘ఇన్’ వాడతారు. ‘హోమ్’, ‘హియర్’, ‘దేర్’ అన్నప్పుడు ఏదీ అక్కరలేదు.

నా అభిప్రాయంలో ఈ క్రియకు తెలుగులో అసలైన జోడీ ‘దిగు’. ‘నిన్న రాత్రి ఢిల్లీలో దిగాడు’ అంటాము గానీ ‘ఢిల్లీకి దిగాడు’ అనము. ‘ఇక్కడ ఎప్పుడు దిగావు?’ అన్నప్పుడు ప్రత్యయమే ఉండదు. ‘రేపు దిగుతున్నాడు’ అని వర్తమాన రూపంతో రాబోయే రాకను చెప్పినట్లే ఇంగ్లిషువారు ‘హీ ఈజ్ అరైవింగ్ టుమారో’ అంటారు. మనుషులే కాదు, సరుకూ దిగుతుంది. ఇంత దగ్గరి పోలిక ఇంట్లోనే ఉండగా విద్యార్థి చేత నియమాలను బట్టీ పట్టించడం ఎందుకో నాకు అర్థం కాదు.

ఈ పోలిక కేవలం కాకతాళీయం కాదేమోనని కూడా అనిపిస్తుంది. ‘అరైవ్’ ఫ్రెంచి ద్వారా ఇంగ్లిషులోకి వచ్చిన మాట. దాని మూలంలో ఉన్న ‘రీపా’ అనే లాటిన్ పదానికి ఒడ్డు అని అర్థం. ‘రివర్’ అనే మాటా ఆ కుదురుకు చెందినదే. తొలినాళ్లలో ‘అరైవ్’ అంటే పడవ ఒడ్డుకు చేరడం, పడవలోనివారు నేల మీద దిగడం. మనకూ ‘దరి’ అంటే ఒడ్డే, ‘దరిచేరు’ అంటే ముందుగా ఒడ్డు చేరడమే.

‘రీచ్’ సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. అది సకర్మక క్రియ, చేరిన చోటే దానికి కర్మ. ‘ఊరు చేరాను’, ‘ఇల్లు చేరాను’ అని ‘కు’ లేకుండా అనే వాడుకను గుర్తుచేస్తే చాలు, ‘టు’ దానంతట అదే రాలిపోతుంది. ‘అరైవ్’ అకర్మకం కనుక ‘ఐ అరైవ్డ్ ద స్టేషన్’ అనడానికీ వీలులేదు.

‘దిగు’ అన్నిచోట్లా పనికివస్తుందని నేను వాదించడం లేదు. ‘అరైవ్ ఎట్ ఎ డెసిషన్’ను ‘నిర్ణయానికి వచ్చు’ అనే చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు వాదనకు దిగుతారు, బేరానికి దిగుతారు, కానీ ఆ దిగడం మొదలుపెట్టడమే తప్ప తేల్చుకోవడం కాదు. ఇక ఒక కళాకారుడి గురించి ‘హీ హ్యాజ్ అరైవ్డ్’ అంటే అతను రంగంలో నిలదొక్కుకుని పేరు తెచ్చుకున్నాడని భావం. దాన్ని ‘అతను వచ్చేశాడు’ అని అనువదిస్తే ఎక్కడి నుంచి వచ్చాడా అని పాఠకుడు వెతుక్కుంటాడు. ‘గట్టెక్కాడు’ అంటే ఒడ్డు కలిసివచ్చినా భావం తారుమారవుతుంది, ఎందుకంటే మన గట్టెక్కడంలో వినిపించేది ఆపద తప్పిన ఊరటే తప్ప విజయం కాదు.

ఆ పాఠానికి సవరణ ప్రచురించేటప్పుడు కనీసం ‘ఒకదాని బదులు మరొకటి’ అన్న వాక్యాన్ని తొలగించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు