డొక్కు అనేముందు డిక్కీ తెరిచి చూడండి

సంపాదకుడు గారికి,

పది రోజుల కిందట మీ ఆదివారం అనుబంధంలో పాత కార్ల మోజు మీద వచ్చిన వ్యాసం చదివి ఊరుకుందామనే అనుకున్నాను. మనసు ఊరుకోనివ్వలేదు. మన దేశంలో అమ్మిన మొదటి తరం హోండా సిటీ కార్లలో, ఎక్కువ శక్తిగల ఇంజనుతో వచ్చిన వీటెక్ రకం ఒక్కటే దాచుకోదగ్గదట, మిగిలినవన్నీ తుక్కుకు వేయవలసిన డొక్కులట. ఆ మిగిలినవాటిలో ఒకటి మా ఇంటి ముందు ఉంది. 2001 నాటి 1.3, అంటే 1.3 లీటర్ల చిన్న ఇంజనుది. పోయిన ఏడాది కొన్నాను.

వ్యాసం రాసినవారు ఎప్పుడైనా ఒక పాత కారు కిందికి దూరి చూశారా? వీటెక్ ఇంజను గొప్పదే, కాదనను. దాని శక్తి 106 అశ్వశక్తి, నా దానిది 90. ఆ 16 గుర్రాల కోసం ఎగబడి ధర పెంచేశారు. తీరా వెళ్లి చూస్తే ఏముంది? నేను మూడు చూశాను. ఒకదానికి సైలెన్సర్ కోసేసి డబ్బా అంత గొట్టం బిగించారు. రెండోదానికి స్ప్రింగులు కత్తిరించి, స్పీడ్ బ్రేకర్ ఎక్కితే కడుపు గీసుకునేలా దించారు. మూడోది అసలు వీటెక్కే కాదు, 1.3 వెనక ఆ అక్షరాలు అంటించారు! కుర్రకారు చేతుల్లో నాలుగైదుసార్లు మారి పిప్పి అయిన బళ్లు అవి.

నా 1.3 కొన్నది ఒక బ్యాంకు ఆఫీసరు గారి దగ్గర. ఆయనే మొదటి ఓనరు. రైల్వే వర్క్‌షాపులో 35 ఏళ్లు పనిచేసినవాణ్ని కాబట్టి నేను ముందు డిక్కీ తెరిచాను. స్పేర్ టైరు ఎత్తి, ఆ గుంటలో చెయ్యి పెట్టి నలుమూలలా తడిమాను. వేళ్లకు దుమ్ము అంటింది కానీ తుప్పు అంటలేదు. జాకీ, పానాలు కంపెనీ ఇచ్చిన సంచీలోనే ఉన్నాయి. సర్వీసు పుస్తకంలో ముద్రలన్నీ వరసగా ఉన్నాయి, టైమింగ్ బెల్టు మార్చిన తేదీ నీలి సిరాతో రాసి ఉంది. ఇంజను ఎప్పుడైనా బాగు చేయించుకోవచ్చు. తుప్పు తిన్న బాడీని, దొరకని బంపరును, పోయిన కాగితాలను ఎవరు తెచ్చిస్తారు?

నాలుగు తలుపులున్న సిటీ స్పోర్ట్స్ కారు ఎలా అవుతుందని మీ రచయిత మరో ఎత్తిపొడుపు. ఆ రోజుల్లో మనకు రెండు సీట్ల కారు ఉండేది, శాన్ స్టార్మ్ అని. దాన్ని రోడ్డు మీద చూసినవారు ఎందరు? జీతగాడికి అందిన స్పోర్ట్స్ కారు ఈ సిటీయే.

ఇక అధికారులు. 15 ఏళ్లు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ పొడిగింపు రుసుము ఒకప్పుడు 600 రూపాయలు. 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేశారు. 2025 ఆగస్టులో, 20 ఏళ్లు దాటితే 10,000 అన్నారు. హరిత పన్ను సరేసరి. వింటేజ్ హోదా కావాలా? 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు నిండాలి. నా కారుకు ఆ భాగ్యం 2051లో పడుతుంది. అప్పటికి నాకు 89. అంతవరకు అది పాతదే కానీ పురాతనం కాదు, కాబట్టి వసూలుకు మాత్రం పనికొస్తుంది.

రుసుము కడతాను, బాధ లేదు. బండిని చూస్తే కదా! మా దగ్గరి రవాణా కార్యాలయంలో చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్దారు. బ్రేకు తొక్కి చూసిన పాపాన పోలేదు. "ఇంకా నడుస్తోందా?" అని అడిగారు. "తోసుకుంటూ రాలేదండీ" అన్నాను. సరిగ్గా అప్పుడే గేటు ముందు నుంచి ఒక నీళ్ల ట్యాంకరు వెనక లైట్లు లేకుండా, వీధి వీధంతా నల్లటి పొగ కమ్మేస్తూ దర్జాగా పోయింది. దాని వయసు ఎవరూ అడగలేదు. ఆ రోడ్డు మీద గుంతలకు ఏ పొడిగింపు రుసుమూ లేకుండానే ఏటేటా ఆయుష్షు పెరుగుతోంది.

మరొక మాట. వీటెక్‌ను అంతగా మెచ్చుకున్న ఆ వ్యాసం పక్కన మీరు వేసిన ఫొటో వీటెక్‌దీ కాదు, మొదటి తరానిదీ కాదు, 2003లో వచ్చిన తర్వాతి తరం సిటీది. ఒకప్పుడు మీ పత్రికలో దీర్ఘం తప్పినా మర్నాడు సవరణ వేసేవారు. పది రోజులుగా ఎదురుచూస్తున్నాను. ఫొటో దొరక్కపోతే చెప్పండి, మా కారుది పంపుతాను. నంబరు పలక మీద ఇంకా ఏపీ అనే ఉంటుంది. టీఎస్ వచ్చింది, అది పోయి టీజీ వచ్చింది, ఆ పలకను మాత్రం ఎవరూ కదిలించలేదు.

— రిటైర్డ్ రైల్వే ఉద్యోగి, సికింద్రాబాద్