మార్చి 28న పడిన డబ్బుకు యూసీ ఎప్పుడు పంపాలి?

సంపాదకులకు,

పది రోజుల కిందట మీ పత్రికలో వ్యసన విముక్తి కేంద్రాల గ్రాంట్ల మీద వచ్చిన వార్త చదివినప్పటి నుంచి రాద్దామనుకుంటూనే ఉన్నాను. ఆ రోజే రాసుంటే మీరు అచ్చు వేయలేని మాటలు పడేవని ఆగాను. ‘స్వచ్ఛంద సంస్థలు యూసీలు (గ్రాంటు దేనికి ఖర్చయిందో చూపే వినియోగ పత్రాలు) సకాలంలో పంపకపోవడం వల్లే నిధులు ఆలస్యమవుతున్నాయి’ అని అందులో ఓ అధికారి సెలవిచ్చారు. మీ విలేకరి దాన్ని పొల్లుపోకుండా రాసుకొచ్చారు. ఎదురు ప్రశ్న ఒక్కటి వేసిన జాడ లేదు.

ఆ యూసీలు రాసే చెయ్యి నాది. ఉద్యోగమంతా పద్దులతో గడిపి రిటైరయ్యాక, పదిహేను పడకల ఓ పునరావాస సెంటర్‌కు జీతం తీసుకోకుండా లెక్కలు చూసిపెడుతున్నాను. కేంద్ర ప్రభుత్వ పథకం ప్రకారం మంజూరైన ఖర్చులో 90 శాతం గ్రాంటు, మిగతా 10 శాతం సంస్థే తెచ్చుకోవాలి. కాగితం మీద బాగానే ఉంది. కిందటేడు ఆ 90 శాతం మా ఖాతాలో పడింది మార్చి 28న. మార్చి 31తో ఏడాది ముగుస్తుంది. ఈలోగా ఖర్చు చూపించాలట, ఆ వెంటనే ఆడిటర్ సంతకంతో యూసీ పంపాలట. మిగతా పదకొండు నెలలు సెంటర్ ఎలా నడిచిందని అడిగినవారు లేరు. అప్పుతో నడిచింది. నర్సమ్మ ఏడు నెలలు జీతం లేకుండా డ్యూటీ చేసింది. కౌన్సెలర్ నాలుగో నెలలో మానేశాడు, తప్పు పట్టను, అతనికీ ఇల్లుంది. తనిఖీకి వచ్చినవారు ‘కౌన్సెలర్ లేరు’ అని రాసుకెళ్లారు. ఆ ఒక్క వాక్యం పట్టుకుని తర్వాతి ఏడాది ఫైలు ఆపారు. ఎక్కడ ఆగిందంటే జిల్లావారు రాష్ట్రం అంటారు, రాష్ట్రంవారు ఢిల్లీ అంటారు.

ఇంకో ముచ్చట చెప్పాలి. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే మొదటి రెండు మూడు రోజులు చేతులు వణికిపోతాయి. గ్లాసుతో నీళ్లిస్తే సగం చొక్కా మీదే. కొందరికి మూర్ఛ వచ్చి ప్రాణం మీదికి వస్తుంది, అందుకే పక్కన నర్సు ఉండాలి. అలాంటి మనిషి చేరిన రోజు రిజిస్టర్లో పెట్టిన సంతకం, పదిహేనో రోజు పెట్టిన సంతకంతో సరిపోలలేదని మాకు ఆడిట్ అభ్యంతరం వచ్చింది! సరిపోలకపోవడమే వైద్యం పనిచేసిందనడానికి రుజువు అని జవాబు రాశాను. ‘వివరణ సంతృప్తికరంగా లేదు’ అని తిరిగొచ్చింది.

దొంగ సెంటర్లు లేవని నేను అనను. తనిఖీ రోజున కూలికి మనుషుల్ని తెచ్చి మంచాల మీద పడుకోబెట్టేవాళ్లున్నారు, కట్టేసి కొట్టేవాళ్లూ ఉన్నారు. 2001లో తమిళనాడు ఎర్వాడిలో మంటలు లేస్తే గొలుసులతో కట్టేసి ఉన్న మానసిక రోగులు పారిపోలేక 28 మంది కాలిపోయారు. తనిఖీలు చేయండి, రాత్రిపూట చెప్పకుండా రండి. కానీ నా అనుభవంలో దొంగ సెంటర్ ఫైలంత శుభ్రమైన ఫైలు ఇంకోటి ఉండదు. వాళ్లకు ఫైలు తప్ప వేరే పని లేదు కదా.

అసలు చిక్కు ఇంకా పైన ఉంది. మానసిక ఆరోగ్యం ఆరోగ్య శాఖ చూస్తుంది. తాగుడు, గంజాయి సామాజిక న్యాయ శాఖ కిందికి వస్తాయి. ఇల్లు లేనివారికి షెల్టర్ పట్టణ వ్యవహారాల శాఖ పని. మా దగ్గరికొచ్చే మనిషి మాత్రం ఒక్కడే. చెవిలో ఎవరో తిడుతున్నారని తాగుతాడు, తాగుతున్నాడని ఇంట్లోవాళ్లు గెంటేస్తారు, ఫుట్‌పాత్ మీద పడుకుంటే ఆ తిట్లు ఇంకా పెరుగుతాయి. పిచ్చాసుపత్రికి తీసుకెళ్తే ముందు తాగుడు మాన్పించమంటారు. షెల్టర్‌లో తాగినవాణ్ని రానివ్వరు. మా ఫారంలోనేమో చిరునామా గడి ఖాళీగా వదిలితే పోర్టల్ ముందుకు కదలదు! రోడ్ల మీద తిరిగే మానసిక రోగిని చేరదీసి ఆసుపత్రిలో చూపించే బాధ్యత 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పోలీసుల మీద పెట్టింది. పట్టణాల్లో లక్ష జనాభాకు ఒక షెల్టర్ ఉండాలని నియమం ఉంది. 2011 జనగణనలో దేశంలో ఇల్లు లేనివారు 17 లక్షల పైచిలుకని తేలింది, ఫైళ్లలో ఇప్పటికీ అదే అంకె తిరుగుతోంది. 2019లో ఎయిమ్స్ సర్వే తేల్చిన మాట: మద్యానికి బానిసైనవారిలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. మిగిలిన 37 మందీ యూసీ ఇవ్వలేదనుకోవాలా?

జూన్ 26, మాదకద్రవ్యాల వ్యతిరేక దినం, వస్తే మాత్రం దేనికీ కొదవుండదు. ఫ్లెక్సీలు, బడిపిల్లల ర్యాలీ, ఎండలో ప్రతిజ్ఞ, ఫోన్‌లోకి ఈ-సర్టిఫికెట్. మర్నాడు మీ పత్రికలోనూ నాలుగు కాలమ్‌ల ఫొటో. మద్యం దుకాణాల లైసెన్సు ఫీజు ఒక్కరోజు ఆలస్యమైతే ఊరుకోని వ్యవస్థే మనది. మత్తు పానీయాలను నిషేధించడానికి రాజ్యం ప్రయత్నించాలని రాజ్యాంగం 47వ అధికరణంలో ఉన్న సంగతి గుర్తుచేస్తే నవ్వుతారని తెలుసు, అందుకే అంత దూరం అడగడం లేదు. అమ్మకాల్లో చూపించే సమయపాలన వైద్యంలోనూ చూపించమంటున్నాను. మా రోజుల్లోనూ ఫైళ్లు నత్తనడకే నడిచేవి, అయితే కనీసం ఆపినవాడి పొట్టి సంతకం నోట్‌షీటు మీద ఉండేది. ఇప్పుడు ‘పెండింగ్’ అని తెర మీద కనబడుతుంది, ఎవరి దగ్గరో దేవుడికే ఎరుక.

ఆ అధికారి మళ్లీ విలేకరుల సమావేశం పెట్టినప్పుడు మీ విలేకరి యూసీ తేదీతోపాటు డబ్బు పంపిన తేదీ కూడా అడగాలని మనవి. మా యూసీ ఏప్రిల్ 9న చేరింది. రశీదు నా దగ్గరుంది, అడిగితే నకలు పంపుతాను.

— ఓ రిటైర్డ్ ఉద్యోగి