అన్నిటికీ ఒకటే ‘తీవ్రత’ అయితే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

పది రోజుల క్రితం ఒక వరద వార్తకు ‘వందేళ్ల వరద’ అని శీర్షిక పెట్టారు. అది చదివి మా మనవరాలు, “అయితే ఇంకో వందేళ్లు భయం లేదు కదా తాతయ్యా” అంది. తప్పు ఆ పిల్లది కాదు. అంతటి వరద ఏ ఏడాదైనా వచ్చే అవకాశం నూటికి ఒకటి అని ఆ మాటకు అర్థం. ఈ ఏడు వచ్చింది కనుక వచ్చే ఏడు రాకూడదని లేదు. 30 ఏళ్లు అక్కడే కాపురం ఉన్నవాళ్లకు ఒక్కసారైనా ఎదురయ్యే అవకాశం నూటికి 26. ఈ ముక్క రాయడానికి రెండు వరుసల చోటు దొరకలేదా?

ఆ పక్కనే భూకంపం వార్త. మళ్లీ ‘రిక్టర్ స్కేలుపై తీవ్రత’! పెద్ద భూకంపాలకు ఆ స్కేలును శాస్త్రవేత్తలు పక్కన పెట్టి దశాబ్దాలైంది. ఇప్పుడు వాడేది మొమెంట్ మాగ్నిట్యూడ్ అనే కొలమానం. అంతకన్నా నాకు బాధ కలిగించేది ఆ ‘తీవ్రత’ అన్న మాట. భూగర్భంలో విడుదలైన శక్తికీ అదే, ఒక ఊరు ఎంత ఊగిందో చెప్పడానికీ అదే. మొదటిది భూకంపం మొత్తానికి ఒకే అంకె, రెండోది ఊరూరికీ మారుతుంది. మొదటిదానికి ‘పరిమాణం’ అనే మాట మనకు ఉండనే ఉంది, వాడరు. 2010లో హైతీ భూకంపం పరిమాణం 7.0, లక్షమందికి పైగా పోయారు. అదే ఏడాది చిలీలో వచ్చింది 8.8, అంటే సుమారు 500 రెట్ల శక్తి. అక్కడ మృతులు 500 పైచిలుకు. అంకె ఒక్కటే వేసి వదిలేస్తే పాఠకుడికి ఏం తెలుస్తుంది?

అధికారుల ప్రకటనలు మరీ అన్యాయం. వరద, వడగాడ్పు, కొండచరియ, రసాయన వాయువు, ఏదైనా సరే ‘ప్రకృతి వైపరీత్యం’ అని ఒక్క మాటలో చుట్టేస్తారు. ఐక్యరాజ్యసమితి విపత్తుల విభాగం, అంతర్జాతీయ విజ్ఞాన మండలి కలిసి 2020లో 302 రకాల ముప్పులను విడివిడిగా జాబితా చేశాయి. వర్గీకరణ అనేది చదువుకున్నవాళ్ల ముచ్చట కాదు. దేని నుంచి ఎటు పరుగెత్తాలో అది చెబుతుంది. 1985లో కొలంబియాలో నెవాదో దెల్ రూయిజ్ అగ్నిపర్వతం పేలింది. 0 నుంచి 8 వరకు ఉండే కొలమానంలో ఆ పేలుడు స్థాయి 3 మాత్రమే. చంపింది లావా కాదు, శిఖరం మీది మంచు కరిగి దూకిన బురద. ఆర్మెరో పట్టణం దాని కింద పడిపోయింది, 20 వేలమందికి పైగా చనిపోయారు. బురద ఎటు పారుతుందో చూపే పటం నెల ముందే తయారైంది. అయినా ఊరు ఖాళీ చేయించలేదు.

దయచేసి ఆ వరద వార్తకు సవరణ వేయండి. మా మనవరాలికి చూపించాలి.

– ఒక విశ్రాంత భూగోళ ఉపాధ్యాయుడు