ఆపరేషన్ ఉచితమే, ఆ తర్వాతి ఖర్చు ఎవరిది?

తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితి రూ.10 లక్షలకు పెరిగింది. మా అక్కకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ ఆ పథకం కిందే జరిగింది. చేతి నుంచి పైసా పెట్టలేదు, ఆ మేలు మరిచిపోం. నేను రాస్తున్నది డిశ్చార్జి అయ్యాక పడిన ఖర్చు గురించి.

చంక దగ్గర ఒక గొట్టం, దాని చివర ప్లాస్టిక్ సీసాతో అక్కను ఇంటికి పంపారు. గాయం నుంచి ఊరే నీరు అందులోకి దిగుతుంది. రోజూ పొద్దున్నే సీసాలో ఎన్ని ఎం.ఎల్. చేరిందో చూసి నోట్‌బుక్‌లో రాసుకునేది. అది 30 కంటే తగ్గాక గొట్టం తీస్తామన్నారు. తీయడం కాసేపట్లో అయిపోయే పని, తీసింది కూడా నర్సమ్మే. దానికోసం ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కు సుమారు 300 కిలోమీటర్లు! మహాలక్ష్మి పథకంలో అక్కకు బస్సు ప్రయాణం ఉచితం, నిజమే. కానీ ఒంటికి సీసా తగిలించుకుని ఆ కుదుపుల్లో కూర్చోలేక కారు మాట్లాడుకోవాల్సి వచ్చింది. పైగా పత్తి ఏరే రోజులు. బావ చేను వదిలేసి వెంట వెళ్లాడు.

తర్వాత చెయ్యి వాచింది. గోడ మీద వేళ్లతో చెయ్యి మెల్లగా పైకి పాకించాలని, ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వొద్దని చెప్పడానికి సర్జనే అక్కర్లేదు. శిక్షణ ఉన్న నర్సు ఫోన్‌లో అయినా చెప్పగలదు. జ్వరం, ఎరుపు, కొత్త గడ్డ ఉంటే వెంటనే డాక్టరు దగ్గరికి పంపుతుంది.

ఇంగ్లండ్‌లో రొమ్ము క్యాన్సర్ చికిత్స అయిన 374 మంది మహిళలతో ఇలాంటి ప్రయోగమే చేసి 2009లో ఫలితాలు ప్రకటించారు. నర్సులు ఫోన్‌లో చూసుకున్నవాళ్లకు టెన్షన్ పెరగలేదు. అయితే ఒక మాట దాచను: అక్కడ ప్రభుత్వానికి ఖర్చు తగ్గలేదు, కొంచెం పెరిగింది కూడా, ఎందుకంటే నర్సులు ఎక్కువసేపు మాట్లాడారు. తగ్గింది రోగుల ఖర్చు. నేను అడుగుతున్నదీ అదే, ఖజానాకు మిగులుతుందని ఆశ పెట్టడం లేదు.

జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ క్యాన్సర్ సెంటర్లు పెడతామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో చెప్పారు. అలాంటి ప్రతి సెంటర్లో ఆపరేషన్ అయినవాళ్ల కోసం ఒక నర్సును, సర్జన్‌తో నేరుగా మాట్లాడే ఫోన్‌ను ఇవ్వండి. ఉన్న స్టాఫ్ నర్సు నెత్తిన ఈ పనీ వేస్తే మాత్రం నడవదు, వేరే పోస్టు కావాలి. ఆ సేవకు ఆరోగ్యశ్రీలో ఒక రేటు ఖరారు చేయండి. ఫైలు తయారయ్యేటప్పుడు ప్రభుత్వ ఖర్చు పక్కనే కారు కిరాయి, పోయిన కూలి రాయడానికి కూడా ఒక కాలమ్ పెట్టించండి.

ఇట్లు,
ఆదిలాబాద్ జిల్లా నుంచి ఒక చెల్లెలు