ట్రక్కు నిధి జమా ఖర్చుల వివరణ, 2025

సభ్యులకు, దాతలకు నమస్కారం.

డాలస్ పరిసరాల్లో మన సంఘం చేసే పండుగలకు స్టేజీ పలకలు, సౌండ్ సామాను, నిమజ్జనం రథం మోసుకెళ్లే ట్రెయిలర్ ఉంది. దాన్ని లాగడానికి సొంత పికప్ ట్రక్కు కొనాలని సర్వసభ్య సమావేశం తీర్మానించింది. ఆ పేరుతో వసూలైన సొమ్ము, అయిన ఖర్చు కింద ఇస్తున్నాం. అంకెలన్నీ డాలర్లు. చూసిన రెండు ట్రక్కుల్లో ఖరీదైనదాన్నే ఎందుకు కొన్నారని చాలామంది అడిగారు. ఆ లెక్క దాతలకు తెలియాలి కాబట్టి దాన్ని కూడా విడమరిచి రాశాం.

జమ

142 కుటుంబాల విరాళాలు: 21,340
నాలుగు వ్యాపార సంస్థల విరాళాలు: 8,000
సభ్యులు పనిచేసే కంపెనీల మ్యాచింగ్ (సభ్యుల విరాళానికి జతగా కంపెనీ ఇచ్చేది): 4,260
సాధారణ నిధి నుంచి బదిలీ: 6,000
పాత వ్యాన్ అమ్మగా వచ్చినది: 3,150
మొత్తం జమ: 42,750

రెండు ట్రక్కులు, ఒక లెక్క

వడపోత తర్వాత రెండు బండ్లు మిగిలాయి. ఒకటి 2021 ఫోర్డ్ ఎఫ్-150 ఎక్స్‌ఎల్‌టీ, 3.5 లీటర్ల ఎకోబూస్ట్ (టర్బోలున్న) ఇంజిన్, ధర 32,400. రెండోది 2021 షెవర్లే సిల్వరాడో 1500 ఎల్‌టీ, 5.3 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్, ధర 29,900. రెండూ నాలుగు తలుపులవి, వెనక సామాను పెట్టే ఆరున్నర అడుగుల బెడ్ ఉన్నవి, వెనక చక్రాలతో నడిచేవి. ఫోర్ వీల్ డ్రైవ్ మొదటినుంచీ వద్దనుకున్నాం. ఈ చదును రోడ్ల మీద మనకు దాని పని తక్కువ. పైగా ఆ సామగ్రి బరువు బండి మోయగల బరువులోంచే తగ్గిపోతుంది.

లాగే శక్తి గురించి ప్రకటనల్లో కనిపించే అంకెలు రెండింటికీ 9,000 పౌన్ల పైనే. మన ట్రెయిలర్‌ను పూర్తిగా నింపి కాటా వేయిస్తే 5,760 పౌన్లు తూగింది. అంటే లాగడంలో రెండింటికీ ఇబ్బంది లేదు. అసలు చూడాల్సింది డ్రైవరు తలుపు తెరిస్తే కనిపించే స్టిక్కరు మీది అంకె. మనుషులు, సామాను కలిపి ఇంతకు మించకూడదని ఆ ఒక్క బండికే వేసిన అంకె అది. ఒకే మోడల్‌లో కూడా సన్‌రూఫ్, పెద్ద చక్రాల వంటివి ఉంటే అది మారిపోతుంది. కాబట్టి బ్రోచర్‌ను నమ్ముకోకుండా బండి దగ్గరికి వెళ్లి చదవాలి.

మన లెక్క ఇది. ట్రెయిలర్ ముక్కు హిచ్ (ట్రక్కుకు ట్రెయిలర్‌ను తగిలించే అమరిక) మీద మోపే బరువు 740 పౌన్లు. హిచ్ సామగ్రి 90. నలుగురు మనుషులు 680. బెడ్‌లో పెట్టే కేబుళ్లు, మంచినీళ్లు, రథం దుంగలు 160. మొత్తం 1,670 పౌన్లు. సిల్వరాడో స్టిక్కరు మీద 1,655 ఉంది. ఎఫ్-150 మీద 1,821 ఉంది. ఒకదానిలో 15 పౌన్లు మించిపోతున్నాం, ఇంకోదానిలో 151 పౌన్లు మిగులుతున్నాయి. ప్రతిసారీ ఒక మనిషిని వేరే కారులో పంపి సర్దుకోవచ్చన్న మాట వచ్చింది. రాత్రి పదకొండింటికి సామాను సర్దే వేళ ఆ నియమం నిలవదని కార్యవర్గం అభిప్రాయం.

రెండో కారణం కరెంటు. పార్కులో బతుకమ్మకైనా, కార్తీక వనభోజనాలకైనా జనరేటర్ అద్దెకు తెస్తున్నాం. ఒక్కోసారి 185 చొప్పున, ఏడాదికి నాలుగు కార్యక్రమాలకు 740. మనం తీసుకున్న ఎఫ్-150కి బెడ్‌లోనే 2 కిలోవాట్ల ప్లగ్గులు ఉన్నాయి. ఇది ఆప్షన్‌గా వచ్చేది, అన్ని ఎఫ్-150లకూ ఉండదు. సిల్వరాడో ప్లగ్గులు ఇచ్చేది 400 వాట్లే. 2 కిలోవాట్లతో మిక్సర్, రెండు పవర్డ్ స్పీకర్లు, ఎల్‌ఈడీ లైట్లు హాయిగా నడుస్తాయి. కాఫీ అర్న్ ఒక్కటే దాదాపు 1,500 వాట్లు లాగుతుంది కాబట్టి, వంట బృందం దయచేసి వాటికి దాన్ని తగిలించవద్దు. పాట మధ్యలో మైకు ఆగిపోతుంది. ఇంజిన్ నడుస్తున్నంతసేపే ఆ కరెంటు వస్తుందని కూడా గుర్తుంచుకోవాలి.

ధరలో తేడా 2,500. దాని మీద పన్ను 156. ఎఫ్-150కి ట్రెయిలర్ బ్రేక్ కంట్రోలర్ (ట్రెయిలర్ బ్రేకులను డ్రైవరు నడిపే పరికరం) కంపెనీదే ఉంది, సిల్వరాడోకి విడిగా బిగించడానికి 310 చెప్పారు. అది తీసేస్తే అసలు తేడా 2,346. జనరేటర్ అద్దె మిగులు మీద మూడేళ్లు దాటాక సుమారు రెండు నెలలకు ఇది తిరిగి వస్తుంది.

సిల్వరాడో తక్కువ బండేమీ కాదు. బెడ్ 71.7 ఘనపుటడుగులు, ఎఫ్-150ది 62.3. తాళ్లు కట్టే కొక్కేలు 12, బంపర్ మూలల్లో ఎక్కడానికి మెట్లు ఉన్నాయి. టర్బోలు (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టేవి) లేని వీ8 కాబట్టి మరమ్మతుకు సులువు. అయితే పెట్రోలు ఆదాకు కొన్ని సిలిండర్లను ఆపే ఏర్పాటు ఉండటంవల్ల ఈ 5.3 ఇంజిన్లలో లిఫ్టర్లు (వాల్వులను కదిలించే భాగాలు) దెబ్బతినడం మెకానిక్కులకు బాగా తెలిసిన సమస్య. పాత ఎకోబూస్ట్‌లలో, ముఖ్యంగా 2017–2020 వాటిలో, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే క్యామ్ ఫేజర్లు (వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే భాగాలు) గరగరమంటాయి. అందుకే రాత్రంతా ఆపి ఉంచిన ఇంజిన్‌నే స్టార్ట్ చేయించి విన్నాం. డబ్బు కట్టేముందు రెండు బండ్ల వీఐఎన్ నంబర్లనూ (ఒక్కో బండికి ఉండే గుర్తింపు సంఖ్య) అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైటులో పెట్టి రీకాల్ పనులేమైనా (లోపాలకు కంపెనీ ఉచితంగా చేసే మరమ్మతులు) మిగిలాయేమో చూశాం.

ఖర్చు

ఎఫ్-150 ధర: 32,400
వాహన పన్ను, 6.25 శాతం: 2,025
డీలర్ పత్రాల రుసుము: 225
టైటిల్, రిజిస్ట్రేషన్, ప్లేట్లు: 128
కొనకముందు రెండు బండ్ల తనిఖీ, ఒక్కోటి 165: 330
కాటా: 32
ట్రక్కుకు నాలుగు టైర్లు: 1,084
ముందు బ్రేక్ ప్యాడ్లు, రోటర్లు: 545
వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్, బాల్, బిగింపు: 612
ట్రెయిలర్ బేరింగులకు గ్రీజు, రెండు టైర్లు: 418
ఆరు నెలల ఇన్సూరెన్స్: 1,146
ఆన్‌లైన్ విరాళాల మీద కార్డు చార్జీలు: 472
పట్టీలు, తాళాలు, మంటలార్పే సిలిండర్: 237
మొత్తం ఖర్చు: 39,654
నిల్వ: 3,096

కొన్ని పద్దులకు వివరణ అవసరం. లాభాపేక్ష లేని సంస్థ పన్నెందుకు కట్టిందని అడిగారు. టెక్సస్‌లో మనకున్న మినహాయింపు మామూలు కొనుగోళ్ల మీది అమ్మకపు పన్నుకే. వాహనాల పన్ను వేరే చట్టం కింద వస్తుంది, పికప్‌కు మనకు మినహాయింపు లేదు.

హిచ్‌కు 612 ఎక్కువనిపించవచ్చు. ట్రక్కు వెనక హిచ్ దూర్చే రిసీవర్ మీది లేబుల్ ప్రకారం ఒట్టి బాల్‌తో (ట్రెయిలర్ ముక్కు కూర్చునే ఉక్కు గుండు) లాగగలిగేది 5,000 పౌన్లు, ముక్కు మీద 500 వరకే. మనవి 5,760, 740. బరువును ముందు చక్రాలకూ పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ బార్లు లేకపోతే ట్రక్కు వెనకభాగం కుంగుతుంది, ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగ్ తేలిపోతుంది.

ట్రెయిలర్ టైర్లు చూడటానికి కొత్తవాటిలాగే ఉన్నాయి. కానీ పక్క గోడ మీది చివరి నాలుగు అంకెలు తయారైన వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి. 2318 అంటే 2018లో 23వ వారం. అరుగుదల లేకపోయినా ఎండకు రబ్బరు పెళుసుబారి, వేడెక్కి పేలిపోయేది ఇలాంటి టైర్లే. అందుకే పాతవి రెండూ మార్చాం.

సామాను ఎక్కించే వాలంటీర్లు ఒక్కటి తప్పక పాటించాలి. బరువులో 60 శాతం ఇరుసులకు ముందు ఉండాలి. స్టేజీ పలకలు ముందు, కుర్చీలు వెనక. ముక్కు మీద పడే బరువు మొత్తంలో 10 శాతానికి తగ్గితే హైవే మీద ట్రెయిలర్ అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. ఊగితే ట్రక్కు బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్ వదిలి, డ్యాష్ మీద ఉన్న కంట్రోలర్‌తో ట్రెయిలర్ బ్రేకులు మాత్రం మెల్లగా నొక్కాలి.

నిల్వలోంచి 1,146 రెండో ఆరు నెలల ఇన్సూరెన్స్‌కు పక్కన పెట్టాం. మిగతా 1,950 నిర్వహణకు. ట్రెయిలర్ లాగే బండి కాబట్టి ప్రతి 5,000 మైళ్లకు ఇంజిన్ ఆయిల్ మారుస్తాం. పాలసీలో పేరున్న డ్రైవర్లు తప్ప ఎవరూ ట్రక్కు నడపకూడదు. తాళంచెవులు కోశాధికారి దగ్గర ఉంటాయి. రశీదులు, కాటా చీటీలు, రెండు బండ్ల తనిఖీ నివేదికలు, స్టిక్కర్ల ఫొటోలు ఒకే ఫైల్లో పెట్టాం. సభ్యులెవరైనా కోశాధికారిని అడిగి చూడవచ్చు.

కార్యవర్గం