కాలేజీల్లో ఆక్యుపేషనల్ థెరపిస్టులూ ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

మా అబ్బాయి ఇంటర్ రెండేళ్లూ రెసిడెన్షియల్ కాలేజీలో చదివాడు. బెల్లు కొడితే లేవడం, బెల్లు కొడితే తినడం, స్టడీ అవర్లో సార్ పక్కన నిలబడితే చదవడం. మార్కులు బాగానే వచ్చాయి. బీటెక్‌లో చేరి హాస్టల్‌కి వెళ్లాక లేపేవాళ్లు లేరు, ఇప్పుడు ఇది చెయ్యి అనేవాళ్లూ లేరు, మొదటి సెమిస్టర్లోనే అటెండెన్స్ 75 శాతం లేక, ఆ తక్కువని మన్నించమని కట్టే కండొనేషన్ ఫీజు కట్టాం. రికార్డులు పెండింగ్, ఉతకని బట్టలు మంచం కింద. బద్ధకం అన్నారు అందరూ. నేనూ అన్నాను, తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

తెలిసిన డాక్టరు ఒకరు ఆక్యుపేషనల్ థెరపిస్టుకి, అంటే రోజువారీ పనులు ఎవరికి వాళ్లు చేసుకోగలిగేలా సాయపడే నిపుణులకి, చూపించమన్నారు. అది పక్షవాతం వచ్చినవాళ్లకీ ఆటిజం ఉన్న చిన్నపిల్లలకీ కదా, మావాడికెందుకు అనుకున్నాను. అయినా తీసుకెళ్లాం. ఆ థెరపిస్టు మందులు ఇవ్వలేదు, క్లాసు పీకలేదు. నిద్ర లేచిన దగ్గర్నుంచి క్లాసులో కూర్చునే దాకా ఏమేం చేస్తాడో వరసగా రాయించి, ఎక్కడ ఆగిపోతున్నాడో వాడితో కలిసి చూసింది. అలారం చేతికందకుండా అవతలి గోడ దగ్గర పెట్టడం, బట్టలూ బ్యాగూ రాత్రే సర్దుకోవడం, రికార్డు రోజుకి రెండు పేజీలు రాయడం, ఇలాంటివే. మెస్‌లో రద్దీ, గోల పడక వాడు టిఫినే మానేస్తున్నాడని మాకు అప్పటిదాకా తెలీదు, తలుపులు తియ్యగానే వెళ్లి తినేసి రమ్మంది. పరీక్షలో జవాబులు తెలిసీ రెండు ప్రశ్నలు వదిలేసి వచ్చేవాడు, పెన్ను పట్టుకునే తీరు వల్లే చెయ్యి నొప్పెట్టి రాత నెమ్మదిస్తోందని తేలింది. ఆర్నెల్లు పట్టింది. ఒక బ్యాక్‌లాగ్ ఇంకా ఉంది, కానీ తన రోజు తనే నడుపుకుంటున్నాడు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో డిస్‌గ్రాఫియా (రాయడంలో ఇబ్బంది), డిస్‌ప్రాక్సియా (ఒంటి కదలికలు కుదరకపోవడం) పేర్లున్నాయి. కానీ చిన్నప్పుడు ఎవరూ పరీక్ష చేయించని పిల్లలకి, వైకల్య సర్టిఫికెట్ దాకా రాని మావాడిలాంటి వాళ్లకి దిక్కెవరు? విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న అమ్మాయి మరణం కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థల్లో కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో ఉండాలని చెప్పింది. చాలా అవసరమైన మాట. అయితే టెన్షన్ ఎవరికైనా చెప్పుకోవడం వేరు, రేపు పొద్దున తొమ్మిదింటికి క్లాసులో ఉండేలా రోజుని కుదుర్చుకోవడం వేరు, పిల్లలకి రెండూ కావాలి.

థెరపీకని మావాడు వారానికోసారి రెండు గంటలు బస్సులో వెళ్లేవాడు, ఆ రోజు ల్యాబ్ పోయేది, అటెండెన్సూ పోయేది. అదే థెరపిస్టు కాలేజీకి వారానికి ఒక పూట వచ్చినా సరిపోయేది. నాలుగైదు కాలేజీలు కలిసి ఒకరిని పెట్టుకోవచ్చు. అఫిలియేషన్ తనిఖీకి వచ్చేవాళ్లు ల్యాబులూ లైబ్రరీ చూసినట్టే దీన్ని కూడా అడిగి చూడాలని రెండు తెలుగు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లను కోరుతున్నాను.

ఒక విద్యార్థి తల్లి, కాకినాడ