జెండా వేరు, మిఠాయి పొట్లం వేరు

సంపాదకులు గారికి నమస్కారం.

నేను కర్నూలులో ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు డ్రాయింగు, చేతిపనులు నేర్పి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. ఆగస్టు 15 దగ్గర పడగానే బడుల్లోనూ అపార్టుమెంట్లలోనూ పిల్లల చేత మూడు రంగుల కాగితపు జెండాలు, తోరణాలు, మిఠాయి పొట్లాలు చేయించడం మొదలవుతుంది. ఆ పనిలో మనం మంచి మనసుతోనే, తెలియక చేస్తున్న ఒక పొరపాటును ఈ ఏడాదైనా దిద్దుకోవాలని ఉపాధ్యాయులకూ తల్లిదండ్రులకూ చెప్పడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ పొరపాటు నేనూ చేశాను కనుక ముందు దాన్నే చెబుతాను.

చాలా ఏళ్ళ క్రితం నేను పనిచేస్తున్న బడిలో జెండా పండుగనాడు మిఠాయి పంచడానికి ప్లాస్టిక్ కవర్లు వద్దనుకుని, ఏడో తరగతి పిల్లలతో నాలుగు వందల కాగితపు పొట్లాలు చేయించాను. డ్రాయింగు షీటును శంఖంలా చుట్టి, పైన కాషాయం, నడుమ తెలుపు, కింద ఆకుపచ్చ పూయించి, తెల్లని పట్టీ మీద నీలం స్కెచ్ పెన్నుతో చక్రం గీయించాను. వారం రోజులు పిల్లలు భోజనాల గంటలో కూడా కూర్చుని చేశారు. ముందురోజు సాయంత్రం బల్లల మీద వాటిని వరుసగా నిలబెట్టినప్పుడు ఆ గదిని చూసి నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. మర్నాడు జెండా వందనం, ప్రసంగాలు అయ్యాక పిల్లలు బారులు తీరి వచ్చి, ఒక్కొక్కరూ బూందీ నింపిన పొట్లం అందుకుని వెళ్ళారు. అరగంట తర్వాత గేటు వైపు వెళ్ళి చూస్తే, నూనె పీల్చిన పొట్లాలు మట్టిలో పడి ఉన్నాయి, కొన్నిటి మీద చెప్పుల అచ్చులు ఉన్నాయి, ఒక దాన్ని కుక్క నాకుతోంది. మా ఆయమ్మ చీపురు పక్కన పెట్టేసి, ఒక్కొక్కటే వంగి తీసి, దులిపి కొంగులో వేసుకుంటోంది. నన్ను చూసి ఆమె అన్నది ఒక్క మాటే: "జెండాను ఎంగిలి చేస్తిమి కదమ్మా!" నా దగ్గర జవాబు లేకపోయింది. నేనూ కొంగు పట్టి ఏరడం మొదలుపెట్టాను.

ఆయమ్మ నోట వచ్చిన మాటనే మన నియమాలు కూడా మరో భాషలో చెబుతున్నాయని ఆ తర్వాత 2002 నాటి భారత పతాక నియమావళి తెప్పించుకుని చదివినప్పుడు తెలిసింది. ఏ వస్తువునైనా తీసుకోవడానికీ, ఇవ్వడానికీ, మోయడానికీ జాతీయ జెండాను పాత్రగా వాడకూడదని అందులో స్పష్టంగా ఉంది. దానికి మినహాయింపు ఒక్కటే: జెండాను విప్పే ముందు దాని మడతల్లో పూలరేకులు ఉంచవచ్చు. జాతీయ గౌరవానికి జరిగే అవమానాలను నిరోధించే 1971 నాటి చట్టం ఇదే సంగతిని ఇంకా గట్టిగా చెబుతుంది. దాని ప్రకారం జెండా అంటే స్తంభం మీద ఎగిరే గుడ్డ జెండా ఒక్కటే కాదు, ఏ పదార్థంతో చేసినా, దేని మీద చిత్రించినా, జెండా బొమ్మ అయినా, అందులోని ఒక భాగమైనా జెండాయే. ఆ చట్టం కింద మూడేళ్ళ వరకు జైలుశిక్ష ఉంది. పిల్లల చేత రంగు కాగితాలు పట్టించే టీచరమ్మలను బెదిరించడానికి ఈ మాట ఎత్తలేదు. చక్రం వేసిన మిఠాయి పొట్లం, త్రివర్ణం అచ్చు వేసిన పేపరు ప్లేటు, జెండా బొమ్మ ఉన్న చేతి రుమాలు ముచ్చటగా కనిపించినా వాటిలో మనం గమనించని దోషం ఉందని చెప్పడానికే రాశాను.

దీనికి విరుగుడు చేతిపనులు మానేయడం కాదు. అవి మానేస్తే బజారులో దొరికే సరుకే పిల్లల చేతికి వస్తుంది. ఈ రోజుల్లో మా ఊరి బజారుకు వెళితే ఫ్యాన్సీ దుకాణాల ముందు బుట్టల నిండా జెండాలే. వాటిలో ప్లాస్టిక్ జెండాలు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధంలో ఉన్నాయి. బెలూన్ల ప్లాస్టిక్ పుల్లలు, స్వీటు డబ్బాల మీద చుట్టే పలుచని ప్లాస్టిక్ పొర కూడా ఆ నిషేధంలోవే. అంటే జెండా పండుగ సంచిలో మనం ఇంటికి తెచ్చుకునే మూడు వస్తువులు ఒక్క పట్టికలోనే ఉన్నాయన్నమాట. 2021 డిసెంబరులో నియమావళిని సవరించి పాలిస్టరు జెండాలకు అనుమతి ఇచ్చారు కనుక వాటిని కొనేవారిని తప్పుపట్టలేం. కానీ కొన్న జెండా చేతికి రావడానికి ఒక్క నిమిషం చాలు, చేసుకున్న జెండాకు గంట పడుతుంది. ఆ గంటలో పిల్లవాడు నేర్చుకునేది చాలా ఉంటుందని నా అనుభవం.

అందుకే జెండా తయారీ గురించి కొంచెం వివరంగా రాస్తాను. మామూలు ఏ4 కాగితం జెండా కొలతకు సరిపోదు. జెండా పొడవు, వెడల్పులు 3కి 2 నిష్పత్తిలో ఉండాలి, ఏ4 అంతకంటే పొట్టి. ఆ కాగితం నుంచి 18 సెంటీమీటర్ల పొడవు, 12 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ముక్కలు రెండు వస్తాయి. అలా కోసుకుంటే ఒక్కో పట్టీ సరిగ్గా 4 సెంటీమీటర్లు వస్తుంది, పిల్లలు స్కేలుతో తప్పు లేకుండా గీయగలరు. నడిమి పట్టీని ఏమీ పూయకుండా వదిలేయమన్నప్పుడు చాలామంది పిల్లలు అది పని లేని చోటు అనుకుంటారు. అప్పుడు నేను వాళ్ళకు పింగళి వెంకయ్య గారి సంగతి చెప్పేదాన్ని. 1921లో బెజవాడలో ఆయన గాంధీజీకి చూపిన నమూనాలో ఎరుపు, ఆకుపచ్చ మాత్రమే ఉండేవని, తెలుపు గాంధీజీ సూచనతో చేరిందని, మార్పులు జరిగి ఈనాటి జెండాను రాజ్యాంగ సభ 1947 జూలై 22న ఆమోదించిందని చెబితే, తెల్ల పట్టీ మీద వేలిముద్ర పడకుండా పిల్లలు ఎంత జాగ్రత్త పడతారో చూడాలి.

అసలు చిక్కు చక్రం దగ్గరే వస్తుంది. ఈ కొలత జెండాకు 3 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న చక్రం సరిపోతుంది. ఆకులు మాత్రం 24 ఉండాలి. నేను చూసిన పిల్లల జెండాల్లో సగానికి పైగా 16 ఆకులతోనో 12 ఆకులతోనో ఉండేవి. కారణం అశ్రద్ధ కాదు, మడత. గుండ్రంగా కత్తిరించిన కాగితాన్ని సగానికి, మళ్ళీ సగానికి మడుస్తూ పోతే 4, 8, 16, ఆపైన 32 భాగాలు వస్తాయే తప్ప 24 ఎన్నటికీ రావు. కాగితాన్ని ముందు సగానికి మడవాలి. ఆ సగాన్ని, చీర కుచ్చిళ్ళు సర్దినట్టు, మూడు సమానమైన మడతలు వేయాలి. దాన్ని మళ్ళీ సగానికి, ఇంకొకసారి సగానికి మడిచి విప్పితే 24 గీతలు కనిపిస్తాయి. 3 సెంటీమీటర్ల ముక్క చిన్నవేళ్ళకు ఇబ్బంది కనుక, ముందు పెద్ద వృత్తాన్ని మడిచి, దాని మధ్యలో చిన్న చక్రాన్ని ఉంచి గీతలను లోపలికి దించుకోవచ్చు. చక్రం ముదురు నీలంలో, రెండు వైపులా ఉండాలి. చివరగా జెండాను వెదురు పుల్లకు అంటించాలి. తేలిగ్గా దొరుకుతుందని చీపురు పుల్ల లాగి అంటించే అలవాటు ఉంది, దయచేసి అది వద్దు. పుల్ల అంటించేటప్పుడే కాషాయం పైకి ఉందా అని ఒకసారి చూసుకోవాలి. తలకిందులైన జెండాలన్నీ ఆ ఆఖరి నిమిషపు తొందరలో తయారైనవే.

ఇక మిఠాయి పొట్లం. దాన్ని జెండాతో కలపకుండా కూడా ఎంతో అందంగా చేయవచ్చు. ఆ సంఘటన తర్వాత మా బడిలో ఒక్కో పొట్లానికి ఒక్క రంగే అనే పద్ధతి పెట్టుకున్నాం. ఒక తరగతికి కాషాయం, ఒక తరగతికి తెలుపు, ఒక తరగతికి ఆకుపచ్చ. పిల్లలు వాటిని పట్టుకుని మూడు బారులుగా నిలబడితే మైదానం నిండా రంగులు కనిపించేవి, ఎవరి చేతిలోని పొట్లమూ జెండా కాదు. పైన బొమ్మ కావాలనుకుంటే మన చుట్టూ ఉన్నవి చాలు: కొండారెడ్డి బురుజు, తుంగభద్ర అలలు, జొన్నకంకి, పత్తికాయ, తంగేడు పువ్వు. స్వాతంత్ర్యం కోసం ప్రాణాలిచ్చిన మహనీయుల బొమ్మలు మాత్రం పొట్లం మీద వద్దని నా మనవి. బొమ్మ మారినా ఆయమ్మ మాట అక్కడా వర్తిస్తుంది.

పొట్లం చేయడానికి వృత్తలేఖిని కూడా అక్కర్లేదు. అన్నం తినే పళ్ళెం బోర్లించి గీత గీసి, ఆ వృత్తాన్ని సగానికి కోస్తే రెండు పొట్లాలవుతాయి. సగం ముక్క రెండు మూలలను దగ్గరికి చుట్టి, ఒక అంగుళం మేర ఒకదాని మీద ఒకటి ఎక్కించి అంటించాలి. అడుగు మొనను చిటికెడు లోపలికి మడిచి నొక్కితే గింజలు రాలవు. జిగురు ఇంట్లో కాచిన మైదాదే మేలు: రెండు చెంచాల మైదాను చన్నీళ్ళలో ఉండ కట్టకుండా కలిపి, సన్నని సెగ మీద కలుపుతూ ఉంటే పాలలా ఉన్నది గాజులా మెరిసే గంజి అవుతుంది, అప్పుడు దించాలి. పుస్తకాలు బైండు చేసేవారు, వాల్‌పోస్టర్లు అంటించేవారు పురుగు పట్టకుండా అందులో మైలతుత్తం కలుపుతారు. అది విషం. తినే వస్తువు పెట్టే పొట్లానికి, పిల్లలు చేతులు పెట్టే గిన్నెకు అది కలపనే కూడదు. బయట అడిగి తెచ్చుకున్న జిగురైతే ఈ సంగతి తప్పక విచారించాలి.

లోపలి వైపు రంగు పూయకూడదు, అచ్చు కాగితం వాడకూడదు. ఆహార పదార్థాలను వార్తాపత్రికల్లో చుట్టి ఇవ్వరాదని మన ఆహార భద్రతా నిబంధనలే చెబుతున్నాయి, సిరా తిండికి అంటుతుంది. పుస్తకాలకు అట్టలు వేసే కొత్త బ్రౌన్ షీటు గానీ తెల్ల డ్రాయింగు షీటు గానీ వాడి, లోపల కడిగి ఆరబెట్టిన మోదుగాకు ఒకటి పరిస్తే పొట్లం నానదు. అందులో నూనె ఓడే బూందీకి బదులు బొరుగుల ఉండలు గానీ, మా వైపు బుడ్డలని పిలుచుకునే వేరుశనగ గింజలతో బెల్లం పాకం పట్టిన చెక్కలు గానీ పెడితే పిల్లలు కాదనరు. మా సీమ నేల పండించేదే అది.

తోరణాల విషయంలో ఒక్క మాట. పురికొసకు మూడు రంగుల కాగితపు ముక్కలు విడివిడిగా అంటించడం అందరికీ తెలిసినదే. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులు తోలులో సన్నని రంధ్రాలు చెక్కి దీపపు వెలుగును బొమ్మలోంచి రప్పించే తీరును పిల్లలకు చూపించి, అదే విధంగా మడిచిన కాగితంలో కత్తెరతో చిల్లులు కత్తిరించమంటే, కిటికీకి కట్టిన తోరణం ఉదయపు ఎండకు గోడ మీద ముగ్గు వేసినట్టు కనిపిస్తుంది. పై తరగతుల పిల్లలకు ఇది బాగా నచ్చుతుంది.

పండుగ అయ్యాక ఏం చేయాలన్నది చాలామంది ఆలోచించని విషయం. పౌరులు కాగితపు జెండాలు పట్టుకుని ఊపడానికి నియమావళి అనుమతిస్తుంది, కానీ కార్యక్రమం తర్వాత వాటిని నేల మీద పారవేయకూడదని, జెండా మర్యాదకు తగినట్టుగా, నలుగురి కంట పడకుండా వాటిని తొలగించాలని కూడా చెబుతుంది. మా బడిలో ఆ మరుసటి ఏడు నుంచి గేటు పక్కన తెల్ల కాగితం అంటించిన ఒక అట్టపెట్టె ఉంచాం. ఇంటికి తీసుకువెళ్ళి దాచుకునేవారు దాచుకున్నారు, మిగిలినవారు వెళ్ళేటప్పుడు జెండాను అందులో ఉంచి వెళ్ళారు. మర్నాడు ఉదయం పిల్లలు రాకముందే నేను, ఆయమ్మ బడి వెనుక శుభ్రం చేసిన చోట వాటిని అగ్నికి అర్పించేవాళ్ళం. జిల్లా విద్యాశాఖ వారు ప్రతి బడిలోనూ ఇలాంటి పెట్టె ఉంచమని, ఆగస్టు రెండో వారంలో ప్రతి తరగతికీ రెండు డ్రాయింగు పీరియడ్లు ఈ పనికి కేటాయించమని చెబితే చాలు. వేడుకలు జరిగే పోలీసు పరేడ్ గ్రౌండు ద్వారం దగ్గర, రాజ్‌విహార్ కూడలిలో నగరపాలక సంస్థ వారు కూడా చెరొక పెట్టె పెట్టించాలని కోరుతున్నాను.

ఆఖరుగా మీకు, మీ తోటి పత్రికల వారికి ఒక విన్నపం. ఆగస్టు 15 నాటి ప్రకటనల్లో అరపేజీ, నిండుపేజీ జెండాలు చక్రంతో సహా అచ్చవుతాయి. ఆ కాగితాలే రెండు రోజులకు బజ్జీల బండి మీద, అన్నం పళ్ళెం కింద, అలమరాల అరల్లో కనిపిస్తాయి. ప్రకటనదారులను ఒప్పించి చక్రం లేని, పట్టీలు లేని అలంకరణ వేయించగలిగితే అదొక పెద్ద మేలు. అలాగే ఆగస్టు మొదటి ఆదివారం పిల్లల పేజీలో జెండాకు, పొట్లానికి అసలు కొలతల్లో నమూనాలు వేయవలసిందిగా ప్రార్థన. పొట్లం నమూనా ఎలా వేసినా ఇబ్బంది లేదు. జెండా నమూనా మాత్రం రంగు లేకుండా, చక్రం లేకుండా, 18కి 12 సెంటీమీటర్ల చట్రమూ రెండు అడ్డగీతలూ మడతల వివరమూ మాత్రమే వేయండి. చక్రం పిల్లలు తెల్ల కాగితం మీద తామే మడిచి, లెక్కపెట్టి గీసుకుంటారు.

ఇట్లు,
ఒక విశ్రాంత డ్రాయింగు ఉపాధ్యాయురాలు,
కర్నూలు.